అనువాదం కుదరదనే జపనీస్ మాటలు: ఏ భాషలోకి కుదరదు?

జపాన్‌లో ఇంట్లోంచి బయటికి వెళ్ళే మనిషి గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ ‘ఇత్తెకిమస్’ అంటాడు. లోపలున్నవాళ్ళు ‘ఇత్తెరష్షై’ అంటారు. సాయంత్రం తిరిగొచ్చి తలుపు తీస్తూ ‘తదైమ’ అంటే, లోపల్నుంచి ‘ఒకయెరి’ అని వినిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళ కోసం రాసిన జపనీస్ పాఠాలు ఈ మాటల దగ్గర కాస్త ఆగుతాయి. వెళ్ళేవాడు ‘వెళ్ళి వస్తాను’ అనడం, ఉండేవాళ్ళు ‘వెళ్ళి రా’ అనడం జపనీయుల ప్రత్యేకమైన అలవాటనీ, దీనికి ఇంగ్లీషులో సరిపోయే మాట లేదనీ వివరిస్తాయి.

తెలుగువాళ్ళకు ఇందులో వివరించాల్సింది ఏముంది? ‘వెళ్తున్నా’ అని నోరు జారితే ‘వెళ్తున్నా అనకూడదు, వెళ్ళొస్తా అనాలి’ అని దిద్దే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ‘ఇత్తె’ అంటే వెళ్ళి, ‘కిమస్’ అంటే వస్తాను. క్రియ పక్కన క్రియ, మనం పెట్టే వరసలోనే.

జపనీస్ మాటల గురించి తెలుగులో ఈమధ్య వస్తున్న వ్యాసాలూ వీడియోలూ దాదాపు అన్నీ ఇంగ్లీషు దారిన వచ్చినవే. ఇంగ్లీషులో ‘అనువాదానికి లొంగని జపనీస్ మాటలు’ అంటూ జాబితాలు తిరుగుతుంటాయి. వాటిని యథాతథంగా తెచ్చి తెలుగులో పెట్టేస్తాం. ఆ మాట ఏ భాషకు లొంగలేదు అన్న ప్రశ్న దారిలో ఎక్కడో జారిపోతుంది. ఆ జాబితాలు చాలావరకు చూపించేది ఇంగ్లీషులో ఉన్న ఖాళీలను. తెలుగులో అవే ఖాళీలు ఉండాలని లేదు. తెలుగుకు వేరే ఖాళీలు ఉన్నాయి, అవి వేరే చోట పట్టుకుంటాయి.

నాలుగు వృత్తాల కథ

అన్నిటికంటే ఎక్కువ తిరిగిన మాట ‘ఇకిగై’. దానితో పాటు ఒక బొమ్మ కూడా తిరుగుతుంది. నాలుగు వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి: నీకు ఇష్టమైనది, నువ్వు బాగా చేయగలిగినది, లోకానికి కావలసినది, డబ్బులు తెచ్చేది. నాలుగూ కలిసిన చోటే నీ ఇకిగై అని దాని సారాంశం. కెరీర్ గైడెన్స్ క్లాసుల్లో, కంపెనీ ట్రైనింగుల్లో ఈ బొమ్మను జపాన్ ప్రాచీన జ్ఞానం అని చూపిస్తారు.

ఆ బొమ్మకు జపాన్‌తో పుట్టుక సంబంధం లేదు. దాన్ని గీసింది స్పెయిన్‌కు చెందిన ఆంద్రేస్ సుసునాగా. మధ్యలో ఆయన రాసిన మాట స్పానిష్‌లో ‘ప్రయోజనం’ అనే అర్థమిచ్చేది. 2014లో మార్క్ విన్ అనే బ్లాగరు ఆ మధ్య మాట తీసేసి ‘ఇకిగై’ అని పెట్టాడు. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల్లో నిండు నూరేళ్ళు బతికేవాళ్ళ గురించి అంతకుముందు విన్న ఒక ఉపన్యాసాన్ని ఈ బొమ్మతో కలిపేశాడు. మిగతా పని ఇంటర్నెట్ చేసింది.

జపాన్‌లో ఇకిగై మామూలు మాట. ‘ఇకి’ అంటే బతకడం, ‘గై’ అంటే చేసినందుకు దక్కే ఫలం. పని చేసినందుకు తృప్తి ఉంటే ‘యరిగై’ ఉందంటారు. అలాగే బతికినందుకు ఇకిగై. ఒక ముసలావిడ ‘మగొ గ ఇకిగై’ అంటుంది, ‘మనవడే నా ఇకిగై’ అని. అందులో జీతం లేదు, లోకానికి కావలసిన నైపుణ్యమూ లేదు. మన ఇళ్ళల్లో ‘వీడి మొహం చూసుకునే బతుకుతున్నా’ అనేది సరిగ్గా ఆ మాటే.

ఈ విషయం మీద జపాన్‌లో గట్టిగా ఆలోచించిన మనిషి కమియ మియెకొ. ఆవిడ మానసిక వైద్యురాలు. ఒకయమ ప్రాంతంలో నగషిమ దీవి మీద కుష్ఠు రోగుల ఆస్పత్రిలో పనిచేశారు. రోగం పేరుతో ఇంటినీ ఊరినీ పోగొట్టుకుని, చట్టం బలంతో దీవిలో బంధించిన మనుషులు వాళ్ళు. ఆ చట్టం 1996 దాకా రద్దు కాలేదు. అన్నీ పోయిన మనిషికి పొద్దున్నే లేవాలని ఎందుకు అనిపిస్తుంది, కొందరికి ఎందుకు అనిపించదు అన్నది ఆవిడ ప్రశ్న. 1966లో దాని మీద పుస్తకం రాశారు. జపనీస్‌లో ఈ విషయానికి మూలగ్రంథం అదే. ఉద్యోగం ఎంచుకోవడానికి గీసిన నాలుగు వృత్తాల పక్కన దీన్ని పెట్టి చూస్తే, ఒక మాట ఊరు దాటేటప్పుడు బరువంతా దింపేసుకుని వెళ్ళగలదని తెలుస్తుంది.

‘త్సుందొకు’ కూడా ఇలా ప్రసిద్ధి పొందినదే. పుస్తకాలు కొని చదవకుండా పేర్చిపెట్టడం. మెయిజి కాలంలో (1868–1912) పుట్టిన మాటల గారడీ ఇది. ‘పేర్చి ఉంచడం’ అనే క్రియను ‘చదవడం’ అనే మాటతో కలిపి తమాషాగా కట్టారు. జపాన్‌లో అది హాస్యం. బయటికొచ్చాక తత్వం అయింది.

రోజంతా నోట్లో ఉండే మాటలు

జపాన్‌లో వారం రోజులు గడిపినవాడి చెవిన ‘ఇకిగై’ ఒక్కసారి కూడా పడకపోవచ్చు. ‘సుమిమసెన్’ మాత్రం రోజుకు ఎన్నిసార్లో లెక్కపెట్టలేడు. రైల్లో దారివ్వమనడానికి, హోటల్లో సర్వర్‌ను పిలవడానికి, ఎవరి కాలైనా తొక్కినప్పుడు, జారిపడిన గొడుగు ఎవరో తీసి ఇచ్చినప్పుడు, అన్నిటికీ అదే. ఇంగ్లీషు నిఘంటువు దాన్ని ‘సారీ’ అంటుంది. గొడుగు తీసిచ్చినవాడికి సారీ ఎందుకు? జపనీయులు అయినదానికీ కానిదానికీ క్షమాపణలు చెప్పుకునే మనుషులన్న ముద్ర ఇక్కడినుంచే పడింది.

‘సుము’ అనే క్రియకు తీరడం, ముగియడం అని అర్థం. ‘సుమిమసెన్’ దాని వ్యతిరేకార్థం: తీరలేదు. మీరు చేసినదానికి నా వైపునుంచి తీరవలసింది ఇంకా ఉంది అని. ‘మీ రుణం తీర్చుకోలేను’ అనే భాషకు ఇది కొత్తగా ఉండకూడదు. రోజువారీ తెలుగులో దీనికి ఇంకా దగ్గరైనది ఉంది. పక్కింటావిడ గిన్నెలో కూర తెచ్చిస్తే ‘థాంక్యూ’ అనం. ‘అయ్యో, మీకెందుకండీ శ్రమ!’ అంటాం. ఆ అయ్యోలో కృతజ్ఞతా ఉంది, నొచ్చుకోవడమూ ఉంది. సుమిమసెన్‌లో ఉన్నదీ ఆ రెండే.

‘అరిగతో’ మాటకు ఉన్న చరిత్ర అందమైనది. దాని పక్కనే ఒక కట్టుకథ కూడా నడుస్తుంది. పోర్చుగీసు ‘ఒబ్రిగాదో’ నుంచి వచ్చిందని చాలామంది నమ్ముతారు. పోర్చుగీసువాళ్ళు జపాన్ తీరం చేరింది 1543లో. ఈ మాటకు మూలమైన ‘అరిగతషి’ అంతకు అయిదు వందల ఏళ్ళకు ముందే ఆస్థాన గద్యంలో కనిపిస్తుంది. అరి అంటే ఉండడం, గతషి అంటే కష్టం. ఉండడం కష్టమైనది, అంటే అరుదైనది. దుర్లభమైన మేలు దొరికిందన్న భావంలోంచి ధన్యవాదం పుట్టింది.

భోజనం దగ్గర చెప్పే రెండు మాటల్లో ఇంగ్లీషు వివరణ పూర్తిగా పక్కదారి పడుతుంది. తినబోయే ముందు చేతులు జోడించి ‘ఇతదకిమస్’ అంటారు. దీన్ని ఫ్రెంచివాళ్ళ ‘బోన్ అపెతీ’తో పోలుస్తుంటారు. కానీ బోన్ అపెతీ అనేది ఎదుటివాళ్ళు హాయిగా తినాలని కోరడం. ఇతదకిమస్ తినేవాడు తన గురించి తాను చెప్పుకునేది. ‘ఇతదకు’ అంటే వినయంగా పుచ్చుకోవడం. మొదట్లో దానికి తలమీద పెట్టుకోవడం అనే అర్థం ఉండేది. ఇచ్చినదాన్ని తలకంటే ఎత్తుకు లేపి తీసుకునే అలవాటులోంచి వచ్చింది. ప్రసాదం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకునేవాళ్ళకు ఇది చెప్పాలా?

తిన్నాక ‘గొచిసోసమ’. ఇందులోని ‘చిసో’ రాతలో చూస్తే పరుగులు తీయడం. ఈ భోజనం కోసం అటూఇటూ పరిగెత్తి సరుకులు సమకూర్చినవాళ్ళకు చెప్పే మాట. హోటల్లో డబ్బు కట్టేసి బయటికొస్తూ కూడా వంటవాళ్ళ వైపు చూసి అంటారు. మన విస్తరి ముందు నుంచి లేస్తూ పెద్దవాళ్ళు ‘అన్నదాతా సుఖీభవ’ అంటారు. అదీ తిన్నాకే, అదీ వండి పెట్టినవాళ్ళకే. బియ్యపు గింజలో ఏడుగురు దేవుళ్ళుంటారని జపాన్‌లో పిల్లలకు చెబుతారు, గిన్నెలో మెతుకు మిగల్చకూడదని. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని విన్న చెవికి ఇది పరాయి మాట కాదు.

అక్కడినుంచే ‘మొత్తైనై’ కూడా. వృథా చేయకు అని చెప్పేటప్పుడు వాడతారు, కానీ వృథా అనే లెక్కల మాటకంటే ఇందులో నొప్పి ఎక్కువ. ఆ వస్తువుకు దక్కవలసిన మర్యాద దక్కలేదే అన్న బాధ. కెన్యా పర్యావరణవేత్త, నోబెల్ శాంతి బహుమతి గ్రహీత వంగారి మాథై 2005లో జపాన్ వచ్చినప్పుడు ఈ మాట విని, దాన్ని ప్రపంచ వేదికల మీదికి తీసుకెళ్ళారు. తగ్గించు, మళ్ళీ వాడు, రీసైకిల్ చెయ్యి అనే మూడింటిలో లేని గౌరవం అనే నాలుగోది ఈ ఒక్క మాటలో ఉందని ఆవిడకు నచ్చింది. తెలుగులో ఇంత చిన్న మాట లేదు. ‘పారేయడానికి ప్రాణం ఒప్పదు’ అనే వాక్యం ఉంది. సరిపోతుంది.

‘దైజోబు’ అనే మాటకు మనకు అచ్చుగుద్దినట్టు జత ఉంది: పర్వాలేదు. దెబ్బ తగిలిందా? దైజోబు. ఇక్కడ కూర్చోవచ్చా? దైజోబు. ఇంకొంచెం టీ? దైజోబు, అంటే వద్దు. జపాన్‌లో 2020 జూలై నుంచి ప్లాస్టిక్ సంచులకు దుకాణాల్లో డబ్బు తీసుకుంటున్నారు. దాంతో కౌంటర్‌లో సంచి కావాలా అన్న ప్రశ్నా, ‘దైజోబు’ అన్న జవాబూ రోజూ వినిపిస్తాయి. అది అవునో కాదో తేలక విదేశీయులు తికమకపడతారు. ‘పర్వాలేదండి’ అని చెయ్యి అడ్డం పెట్టే అలవాటున్నవాళ్ళకు ఆ టెన్షన్ ఉండదు. ఇంకో సంగతి, ఈ మాట రాతలో ఉన్న అర్థం ‘గొప్ప పురుషుడు’. పాత బౌద్ధ గ్రంథాల చైనా అనువాదాల్లో సంస్కృత ‘మహాపురుష’కు ఇదే మాట వాడారు. మహాపురుషుడు సంచి వద్దనడం దాకా దిగొచ్చాడు.

మాట్లాడుతుంటే జపనీస్ శ్రోత మధ్యమధ్యలో ‘హయి, హయి’, ‘ఎఎ’, ‘సో దెసు నె’ అంటూ ఉంటాడు. హయి అంటే ఎస్ అని నేర్చుకున్న ఇంగ్లీషు వ్యాపారి ఒప్పందం కుదిరిందనుకుని ఇంటికెళ్తాడు. తర్వాత వాళ్ళు మాట తప్పారంటాడు. అది ఒప్పుకోవడం కాదు, ఊ కొట్టడం. జపనీస్‌లో దాని పేరు ‘ఐజుచి’. కమ్మరి కొలిమి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు సుత్తి వేయడం దాని అసలు అర్థం. దానికి వాడే క్రియ కూడా ‘కొట్టడమే’. వాళ్ళు ఐజుచి కొడతారు, మనం ఊ కొడతాం.

ఇక మొహం మీద కాదనలేకపోవడం. ‘హొన్నె’ అంటే మనసులో మాట, ‘తతెమయె’ అంటే పైకి చెప్పే మాట. ఈ జంట గురించి ఇంగ్లీషులో పుస్తకాలకు పుస్తకాలున్నాయి, ఏదో తూర్పు దేశపు రహస్యం విప్పుతున్నట్టు. రమ్మని పిలిస్తే జపనీయుడు ‘సొరె వ చొత్తొ...’ అని సాగదీసి ఆపేస్తాడు, ‘అది కొంచెం...’ అని. వాక్యం పూర్తిచేయడు, వినేవాడే పూర్తి చేసుకోవాలి. ఆఫీసులో ‘కెంతో షిమస్’ అంటే ‘పరిశీలిస్తాం’. పని జరగదని దానర్థం. మన ఆఫీసుల్లో ‘పరిశీలిస్తాం’, మన చుట్టాల్లో ‘చూద్దాం లెండి’ విన్నవాడికి తర్జుమా అక్కర్లేదు. సందర్భం తెలియకుండా మాట్లాడేవాణ్ణి వాళ్ళు ‘కూకి యొమెనై’, అంటే గాలిని చదవలేనివాడు అంటారు. 2007లో కుర్రకారు దీన్ని ‘కె.వై.’ అని కుదించి దేశమంతా తిప్పారు. మనకది సమయం సందర్భం లేనివాడు.

జిగురు, కరకర, దడదడ

ఇంగ్లీషు విద్యార్థి నిజంగా ఓడిపోయే చోటు ఇంకొకటి ఉంది. అక్కడ తెలుగు విద్యార్థి పుట్టుకతోనే ముందుంటాడు. జపనీస్‌లో జంట ధ్వని మాటలు వేలల్లో ఉన్నాయి. 2007లో వచ్చిన ఒక నిఘంటువు ఇలాంటి ధ్వని మాటలను 4500 పోగేసింది. గుండె దొకి-దొకి. నక్షత్రాలు కిర-కిర. చక్రం గురు-గురు. ఆకలి పెకొ-పెకొ. ఎవరైనా ఒక భాష గడగడా మాట్లాడితే పెర-పెర. ఇంగ్లీషులో ఇలాంటివి పిల్లల పాటల్లో ఉంటాయి, పెద్దవాళ్ళు వాడితే పిల్లచేష్టలా ఉంటుంది. జపనీస్‌లో పేపర్ వార్తల్లో, ప్రకటనల్లో, డాక్టరు గదిలో కూడా ఉంటాయి.

దడదడ, మిలమిల, గిరగిర, నకనక, తళతళ, జలజల అని వాడే భాషలోంచి చూస్తే, ఒక్కో మాటకు జత వెతుక్కోవడమే మిగిలిన పని. డాక్టరు దగ్గర అది మరీ అవసరం. నొప్పి ‘జుకి-జుకి’నా ‘చికు-చికు’నా అని అడుగుతాడు. మొదటిది లోపల కొట్టుకుంటున్నట్టు సలిపే నొప్పి, రెండోది సూదులు గుచ్చినట్టు చురుక్కుమనేది. ‘సలుపుతోందా, పొడుస్తోందా, లాగుతోందా’ అని అడిగే మన ఊరి డాక్టరు ప్రశ్నే. ఇంగ్లీషులో నొప్పికి విశేషణాలు బట్టీ పట్టాలి.

తిండి మాటల్లో తమాషా ఇంకా ఎక్కువ. బాగా వేగినది ‘కరి-కరి’, తెలుగు ‘కరకర’కు చెవిలో దాదాపు తోబుట్టువు. కాకతాళీయమే, రెండు భాషలకూ చుట్టరికం ఉందనడానికి ఇది సాక్ష్యం కాదు. జిగటగా సాగేది ‘నెబ-నెబ’. పులియబెట్టిన సోయా గింజల ‘నత్తో’ను మెచ్చుకునేటప్పుడు వాడే మాట ఇది. బెండకాయను కూడా. జపాన్‌లో బెండకాయను కాస్త ఉడికించి, చక్రాలుగా తరిగి, ఆ జిగురు సాగుతుండగానే తింటారు. జిగురు ఉందనే తింటారు. అదే జిగురు పోవాలని మూత పెట్టకుండా వేయించే మన వంటింట్లో ‘బెండకాయ నెబ-నెబ’ అంటే కూర చెడిందని అర్థం. మాట దొరికినంత మాత్రాన రుచి దొరకదు.

మనవే వెళ్ళాయి, వాళ్ళవే వచ్చాయి

తెలుగులో అచ్చంగా కలిసిపోయిన జపనీస్ మాట రిక్షా. ‘జిన్’ మనిషి, ‘రికి’ బలం, ‘ష’ బండి. జిన్‌రికిష. 1869 ప్రాంతంలో తోక్యోలో పుట్టి ఆసియా అంతా పాకింది. దారిలో ముందున్న ‘మనిషి’ ఊడిపోయాడు. తర్వాత ఇంజన్ పెట్టి ‘ఆటో రిక్షా’ అన్నాం, ఆపై రిక్షా కూడా తీసేసి ‘ఆటో’ అంటున్నాం. ఇంత వాడుకలో ఉన్న మాటను ఎవరూ జపనీస్ పాఠంగా చెప్పరు.

సునామీ మాత్రం ఒక్కరోజులో వచ్చింది. ‘త్సు’ రేవు, ‘నమి’ అల. 1896లో జపాన్ ఈశాన్య తీరంలో దాదాపు 22 వేల మందిని మింగిన అల తర్వాత ఇంగ్లీషు పత్రికల్లోకి ఎక్కింది. తెలుగు తీరానికి 2004 డిసెంబరు 26న సముద్రంతో పాటే చేరింది. 1977 దివిసీమ ఉప్పెన గుర్తున్న జనానికి ‘ఉప్పెన’ ఉంది కదా అనిపించవచ్చు. అది తుఫాను గాలి తోసుకొచ్చే నీరు. ఇది సముద్రం అడుగున భూమి కదిలితే వచ్చేది. తేడా ఉంది గనక పరాయి మాట నిలబడింది. సుడోకు సంగతి వేరు. పేరు జపాన్‌ది, ఆట అమెరికాది. 1979లో హవర్డ్ గార్న్స్ తయారుచేస్తే, 1984లో జపాన్‌లో పేరు మారింది.

కర్మాగారాల్లోని మాటలు ఇంగ్లీషు మీదుగా వచ్చి కాస్త నలిగాయి. శ్రీసిటీలో జపాన్ వాహనాల కంపెనీ ఇసుజు ప్లాంటు 2016లో మొదలైంది, అంతకుముందే దేశమంతటా ఫ్యాక్టరీల్లో ‘ఫైవ్ ఎస్’ బోర్డులు వెలిశాయి. పనిచేసే చోటును సర్దుకోవడానికి ‘ఎస్’తో మొదలయ్యే అయిదు జపనీస్ మాటలు అవి. సెయిరి అంటే అక్కర్లేనిది తీసేయడం. సెయితొన్, ఉన్నదాన్ని దాని చోట పెట్టడం. సెయిసో, ఊడ్చి తుడవడం. సెయికెత్సు, ఆ శుభ్రతను నిలపడం. అయిదోది ‘షిత్సుకె’. ఇంగ్లీషులో కూడా ఎస్ అక్షరంతోనే మొదలవ్వాలి కాబట్టి ‘సస్టెయిన్’ అని సరిపెట్టారు. జపనీస్ తల్లికి షిత్సుకె అంటే పిల్లల పెంపకం, నడవడి నేర్పడం. దర్జీకి అదే మాట అసలు కుట్టు పడేదాకా బట్టను పట్టి ఉంచే కచ్చా కుట్టు. ఆ బోర్డు మీద అన్నిటికంటే బరువైన మాట అదే, అన్నిటికంటే పేలవంగా అనువాదమైనదీ అదే.

ఇటునుంచి అటు వెళ్ళినవి ఇంకా పాతవి. బౌద్ధంతో చైనా మీదుగా వెళ్ళిన సంస్కృతం జపాన్ వీధిలో ఇప్పటికీ తిరుగుతోంది. ధ్యానం ‘జెన్’ అయింది. క్షణం ‘సెత్సున’. యముడు ‘ఎమ్మ’. నరకం ‘నరకు’ అయి, కబుకి నాటకశాలలో రంగస్థలం కింద ఉండే చీకటి గొయ్యికి పేరైంది. అన్నిటికంటే చిత్రమైనది ‘దన్న’. మూలం ‘దాన’. దానం చేసేవాడు, పోషకుడు, యజమాని, చివరికి భర్త. జపాన్ ఇల్లాలు ‘మా ఆయన’ అనడానికి వాడేది ఈ మాటే. ఆంధ్రదేశంలో నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్యుడు అక్కడ ‘ర్యూజు’, ఎనిమిది బౌద్ధ శాఖలకు మూలపురుషుడు.

అక్షరాల వరస కూడా అటు వెళ్ళిందే. జపాన్ పిల్లలు అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలుపెట్టి క, స, త, న, హ, మ, య, ర, వ అని వల్లిస్తారు. పాత కాలంలో ‘హ’ స్థానంలో ‘ప’ ధ్వని ఉండేది. దాన్ని పెట్టి చదివితే, ‘స’ ఉన్న చోటు తప్పితే వరస మనదే. సంస్కృతం చదివిన బౌద్ధ భిక్షువుల చలవ అది. కాబట్టి జపనీస్ నిఘంటువులో మాట వెతకడం ఇంగ్లీషువాడు కొత్తగా నేర్చుకోవాలి, తెలుగు పిల్లాడు గుణింతంతోనే నేర్చుకుని ఉంటాడు.

దగ్గరితనం మోసం చేసే చోటు

ఇంతవరకూ చదివితే తెలుగువాళ్ళకు జపనీస్ నల్లేరు మీద బండి నడక అనిపిస్తుంది. మొదటి ఆరు నెలలు అలాగే ఉంటుంది కూడా. అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు అని వాళ్ళకూ నాలుగు వేరే మాటలున్నాయి. ముక్కూమొహం తెలియని పెద్దావిడను ‘ఒబసన్’ అంటారు. ఆవిడ తనను ఇంకా చిన్నదాన్ని అనుకుంటే, ఆంటీ అన్నందుకు ఇక్కడ పడే చూపే అక్కడా పడుతుంది. వాక్యం చివర క్రియ, దాని చివర ‘నె’ అంటే మన ‘కదా’. పేరు చివర ‘సన్’ అంటే మన ‘గారు’.

ఆ ‘గారు’ దగ్గరే తెలుగువాడు బోల్తా పడతాడు. మనకు గౌరవం మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది. నాన్నగారు ఎవరి ముందైనా నాన్నగారే. ఆఫీసుకు బయటినుంచి ఫోను వస్తే ‘మా సార్ మీటింగ్‌లో ఉన్నారండి’ అంటాం. జపాన్‌లో గౌరవం ఎవరి ముందు మాట్లాడుతున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. మనవాళ్ళు ‘ఉచి’, అంటే లోపలివాళ్ళు. బయటివాళ్ళు ‘సొతొ’. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు లోపలివాళ్ళను తగ్గించి చెప్పాలి, వాళ్ళెంత పెద్దవాళ్ళయినా సరే. పొద్దున్నే ‘తనక-సన్’ అని వంగి పలకరించిన మేనేజరు గురించే, క్లయింటు ఫోను చేయగానే ‘తనక ఇప్పుడు సీట్లో లేడు’ అన్నట్టు చెప్పాలి. ‘సన్’ తగిలిస్తే క్లయింటుకు అవమానం. సొంత నాన్నను ఇంట్లో ‘ఒతోసన్’ అని పిలిచే కొడుకు, బయట ‘చిచి’ అంటాడు.

కొరియన్ ఈ విషయంలో మన వైపు ఉంటుంది, అక్కడ నాన్నగారు అందరి ముందూ నాన్నగారే. జపాన్‌లో ఐటీ, నర్సింగ్ ఉద్యోగాలకు వెళ్ళే మనవాళ్ళకు వ్యాకరణం తెలిసినా నోరు తిరగనిది ఇక్కడ. పై అధికారిని ఒట్టి పేరుతో అనడం నాలుక మీదికి రాదు. ఈ ఒక్క చోట ఇంగ్లీషువాడికి సుఖం. అతనికి వదులుకోవలసిన ‘గారు’ లేదు.

పని ముగిశాక చెప్పే మాటలోనూ ఈ ముల్లు ఉంది. ‘ఒత్సుకరెసమ’ అంటే ‘అలిసిపోయారు’ అని గౌరవంగా. పొద్దున పదింటికి వరండాలో ఎదురైనా ఇదే, మెయిలు మొదట్లోనూ ఇదే. ‘గొకురోసమ’ అంటే ‘కష్టపడ్డారు’. తెలుగులో రెండిటికీ పెద్ద తేడా కనిపించదు. అక్కడ రెండోది పైవాళ్ళు కిందివాళ్ళకు చెప్పేది. బాస్‌కు చెబితే, అతని పనిని తనిఖీ చేసి శభాష్ అన్నట్టు ఉంటుంది.

అన్నిటికంటే లోతైనది ఇవ్వడం. తెలుగులో ఇవ్వడం ఒకటే, ఎవరు ఎవరికిచ్చినా. జపనీస్‌లో నా నుంచి బయటికి వెళ్తే ‘అగెరు’, బయటినుంచి నా వైపు వస్తే ‘కురెరు’. ఈ రెండూ ప్రతి పనికీ తోకలా అతుక్కుంటాయి. మన ‘చేసిపెట్టడం’లో ‘పెట్టడం’ లాగే, కాకపోతే దిక్కు చూపిస్తూ. పక్క సీటు ఆవిడ దారి చెప్పింది అనడానికి ‘ఒషియెత’ కాదు, ‘ఒషియెతె కురెత’ అనాలి, అంటే ‘నా కోసం చెప్పిపెట్టింది’. ఒట్టి ‘ఒషియెత’ అంటే వ్యాకరణం తప్పు కాదు, కానీ అందిన సాయాన్ని గుర్తించనట్టు చల్లగా వినిపిస్తుంది. తెలుగులో ‘దారి చెప్పింది’ అంటే ఎవరికీ ఏమీ అనిపించదు.

దీన్ని తిప్పి పై అధికారి మీద వాడితే ఇంకా ప్రమాదం. ఆయన చేతిలో బరువైన బ్యాగు చూసి, సాయం చేయబోతూ ‘మొత్తె అగెమస్’ అంటే, ‘పోనీ, మీకోసం మోసిపెడతాలెండి’ అని దయ తలిచినట్టు ఉంటుంది. అక్కడ చెప్పవలసింది ‘ఒమొచి షిమస్’. అందులో ఇవ్వడమూ లేదు, పుచ్చుకోవడమూ లేదు. మోస్తాను అని వినయంగా చెప్పడం మాత్రమే.